నీళ్ళను వదిలించే యంత్రం

సంక్రాంతి దగ్గర పడుతోందంటే విశాఖలోని కూర్మన్నపాలెంలో ఏ డాబా మీద చూసినా బొంతలే ఆరుతుంటాయి. ఏడాదంతా అటక మీదా, బీరువాల పైనా పడివున్న రగ్గులు, రజాయిలు, పాత చీరలు కలిపి కుట్టిన బొంతలు పండగ ముందు ఒక్కసారిగా కిందికి దిగుతాయి. జాతీయ రహదారి మీద లారీలు లేపే దుమ్ము, చుట్టూ ఉన్న పరిశ్రమల మసి, మనిషి చెమట అన్నీ ఈ మందపాటి పక్కబట్టల్లోనే తిష్ఠ వేస్తాయి. చొక్కాలు, చీరలు ఏరోజుకారోజు ఉతుక్కుంటాం. బొంతను మాత్రం వాయిదా వేస్తూ పోతాం. కారణం మురికి కాదు, నీళ్ళ బరువు. మూడు కిలోల నూలు బొంత నీళ్ళలో నానితే తన బరువుకు రెండు మూడు రెట్ల నీటిని పట్టుకుంటుంది. దాన్ని బకెట్లోంచి పైకి తీయడానికే ఇద్దరు కావాలి.

వాషింగ్ మెషిన్ కథ చెప్పేవాళ్ళు ఎక్కువగా మురికి గురించే చెబుతారు. బొంత ఉతికిన చేతులకు తెలిసిన సంగతి వేరు. మురికి వదలడం సబ్బు పని. ఒంట్లో సత్తువ తీసేది నీళ్ళు వదిలించే పని. ఈ యంత్రం చరిత్రలో అతి కష్టమైన అధ్యాయం కూడా అదే.

డాబా మీద ఇద్దరు ఆడవాళ్ళు బొంత పిండుతుంటే చూడండి. "పిన్నీ, నువ్వు ఆ కొస వదలకు, నేను ఇటు తిప్పుతాను" అని ఒకరు మెలిపెడతారు. రెండోవారు కాళ్ళు నిలదొక్కుకుని పట్టుకుంటారు. మొదటి రెండు మెలికలకు నీళ్ళు ధారగా కారతాయి. మూడో మెలికకు చుక్కలు పడతాయి. నాలుగోది పడనే పడదు, మణికట్లు మొరాయిస్తాయి. మెలిక విప్పి నడిమధ్య చేత్తో నొక్కితే నీళ్ళు ఇంకా ఊరుతూనే ఉంటాయి. పోగుల సందుల్లో చేరిన నీటిని తలతన్యత పట్టి ఉంచుతుంది. నూలు పోగులోని సెల్యులోజ్ మరికొంత నీటిని తనలోకే లాక్కుంటుంది. చేతి మెలిక పై పొరను గట్టిగా నొక్కుతుంది కాని లోపలి పొరలదాకా ఆ ఒత్తిడి చేరదు.

యంత్రాలు రాకముందు ఈ విద్య రజకుల చేతుల్లో ఉండేది. చవుడులో సోడియం కార్బొనేట్ ఉంటుంది. చవుడు నీళ్ళలో తడిపిన బట్టలను బానల్లో పేర్చి ఆవిరి పట్టించే బట్టీ అచ్చమైన రసాయన ప్రక్రియ. వేడి క్షారం తగిలి బట్టలోని నూనె, జిడ్డు సబ్బుగా మారి నీళ్ళలో కలిసిపోతాయి. తర్వాత రేవులో బండ మీద బాదుడు. ఒక్కో దెబ్బకూ నీరు పోగుల మధ్య నుంచి దూసుకుపోతూ మురికిని వెంట తీసుకెళుతుంది. ఉతుకూ పిండుడూ ఆ ఒక్క దెబ్బలోనే జరిగిపోతాయి. ఇంత తెలివైన పద్ధతికి మూల్యం మాత్రం తరతరాలుగా ఆ కుటుంబాల నడుములు, భుజాలు చెల్లించాయి.

యూరప్‌లో ఇదే శ్రమను తగ్గించాలని 1767లో జర్మనీకి చెందిన యాకోబ్ క్రిస్టియన్ షేఫర్ చెక్క తొట్టితో ఒక యంత్రాన్ని రూపొందించి దాని వివరాలు ప్రచురించాడు. 1782లో హెన్రీ సిడ్జియర్ ఇంగ్లండులో తిరిగే పీపాకు పేటెంటు తీసుకున్నాడు. 1851లో అమెరికాలో జేమ్స్ కింగ్ డ్రమ్ము యంత్రం చేశాడు. వీటన్నిటినీ చేత్తోనే తిప్పాలి. ఉతికాక నీళ్ళు తీయడానికి తర్వాతి కాలంలో రెండు రోలర్లు వచ్చాయి. వాటి మధ్య బట్టను దూర్చి పిడి తిప్పితే అటువైపు పలచగా నలిగి వచ్చేది. దుప్పటికి అది సరిపోయింది. మందపాటి బొంత ఆ సందులో పట్టదు.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో విద్యుత్ మోటారు వచ్చి చేరింది. 1908లో షికాగోకు చెందిన హర్లీ కంపెనీ 'థోర్' పేరుతో కరెంటు మెషిన్ అమ్మింది. ఆ యంత్రం మీద ఆల్వా ఫిషర్‌కు 1910లో పేటెంటు దక్కింది. అతనే దీన్ని కనిపెట్టాడని చాలాకాలం రాస్తూ వచ్చారు. అంతకుముందే వేరే పేటెంట్లు ఉన్నాయి కనుక ఆ ఘనత ఒక్కరికే కట్టబెట్టలేం. మోటారు ఉతికే పనిని తేలిక చేసింది. పిండటానికి మళ్ళీ ఆ రోలర్లే మిగిలాయి. వాటికీ మోటారు బిగించేసరికి ప్రమాదం పెరిగింది. వేళ్ళు, జుట్టు, వేసుకున్న బట్టల అంచులు వాటి మధ్య చిక్కుకునేవి. అందుకే రోలర్లను చటుక్కున విడదీసే మీటను ప్రత్యేకంగా అమర్చాల్సి వచ్చింది.

అసలు మలుపు 1937లో వచ్చింది. అమెరికాలో బెండిక్స్ సంస్థ ముందువైపు గాజు తలుపున్న ఆటోమేటిక్ మెషిన్‌ను జనం ముందుకు తెచ్చింది. ఉతకడం, జాడించడం, నీళ్ళు విసిరేయడం మూడూ ఒకే డ్రమ్ములో, మధ్యలో మనిషి చెయ్యి పడకుండా జరిగాయి. రోలర్లతో నొక్కే బదులు గిరగిరా తిప్పి నీటిని బయటికి నెట్టారు. బట్టను డ్రమ్ము గోడ ఆపుతుంది. గోడకున్న చిల్లుల్లోంచి నీరు వెళ్ళిపోతుంది. మెలిపెడితే చేరని లోపలి పొరలకు కూడా ఈ బలం చేరుతుంది, ఎందుకంటే అది ప్రతి నీటి చుక్క మీదా విడివిడిగా పనిచేస్తుంది.

ఎంత బలమో లెక్క కడదాం. డ్రమ్ము వ్యాసార్ధం 25 సెంటీమీటర్లు, వేగం నిమిషానికి 1000 చుట్లు అనుకుంటే అంచు దగ్గర ప్రతి వస్తువూ తన బరువుకు సుమారు 280 రెట్ల బలంతో గోడను ఒత్తుతుంది. 1400 చుట్లకు అది సుమారు 550 రెట్లు అవుతుంది. బొంత మూడు కిలోలు, అందులో మిగిలిన నీళ్ళు మూడు కిలోలు అనుకుంటే 1000 చుట్ల దగ్గర డ్రమ్ము గోడ మీద ఒకటిన్నర టన్నులకు పైగా భారం పడుతుంది. చెక్క పీపా, ఎనామెల్ పూసిన ఇనుము దాటి డ్రమ్ము స్టెయిన్‌లెస్ స్టీల్‌కు చేరింది. భారానికీ తుప్పుకూ కలిపి అదే సరైన జవాబు. కూర్మన్నపాలెం పక్కనే ఉన్న విశాఖ ఉక్కు కర్మాగారం చేసేది కడ్డీలు, తీగచుట్టలు, కట్టడాలకు వాడే ఉక్కు. డ్రమ్ముకు కావలసిన పలచటి స్టెయిన్‌లెస్ రేకు వేరే తరహా మిల్లుల్లో తయారవుతుంది.

ఆ తొలి బెండిక్స్ మెషిన్‌ను నేలకు బోల్టులతో బిగించాల్సి వచ్చేది. తడిబట్ట ఒక పక్కకు చేరితే డ్రమ్ము తిరిగే కొద్దీ యంత్రం మొత్తం ఊగిపోయేది. తర్వాతి ఇంజనీర్లు డ్రమ్మున్న తొట్టిని స్ప్రింగులకు వేలాడదీశారు, ఊపు తగ్గించే డ్యాంపర్లు పెట్టారు, కాంక్రీటు దిమ్మ బిగించి బరువు పెంచారు. ఇవాళ మన ఇళ్ళలోని ముందు తలుపు మెషిన్‌ను ఇద్దరు మనుషులు కూడా ఆపసోపాలు పడుతూ జరపడానికి ఆ దిమ్మే ముఖ్య కారణం.

మన దేశంలో 1980ల నుంచి మధ్యతరగతి ఇళ్ళలోకి వచ్చినవి ఎక్కువగా రెండు తొట్ల సెమీ ఆటోమేటిక్ మెషిన్లు. ఒక తొట్టిలో ఉతుకు, పక్క తొట్టిలో స్పిన్. నీళ్ళు మనమే పోసుకోవచ్చు, వేళకు రాని కుళాయికి అది సర్దుకుంటుంది, ధర కూడా తక్కువ. బొంత విషయంలో మాత్రం దానికి ఒక పెద్ద లోటు ఉంది. స్పిన్ తొట్టి చిన్నది, బొంత అందులో పట్టదు. ఉతుకు తొట్టిలోంచి తడిబొంతను చేతులతోనే ఎత్తి, చేతులతోనే పిండి, డాబా మీదికి మోయాలి. ఇరవయ్యో శతాబ్దం తీర్చిన కష్టం సరిగ్గా బొంత దగ్గర తిరిగి మొదలవుతుంది.

పూర్తి ఆటోమేటిక్ మెషిన్ ఉన్నా చిక్కు తీరదు. మెషిన్ మీద రాసే ఏడు కిలోలు, ఎనిమిది కిలోలు అన్న అంకె పొడి నూలు బట్టల బరువు. పాలిస్టర్ నింపిన రజాయి రెండు కిలోలే తూగినా డ్రమ్ము నిండా ఉబ్బి కూర్చుంటుంది. డ్రమ్ము నిండిపోతే బట్ట పైకి లేచి కింద పడే చోటు ఉండదు, నీళ్ళు మధ్య భాగానికి చేరవు, సబ్బు మడతల్లో ఉండిపోతుంది. ఇక స్పిన్ వేళకు రజాయి ఒకే ముద్దగా ఒక పక్కకు చేరుతుంది. మెషిన్ వేగం అందుకోబోతుంది, ధనధన శబ్దం మొదలవుతుంది, లోపలి సెన్సర్ ఊపును పసిగట్టి ఆపేస్తుంది. డ్రమ్ము మెల్లగా అటూ ఇటూ తిరిగి ముద్దను విడదీయడానికి ప్రయత్నిస్తుంది. మళ్ళీ నీళ్ళు పడతాయి, మళ్ళీ వేగం అందుకోబోతుంది. చివరికి స్పిన్ కాకుండానే తెర మీద తప్పు గుర్తు వెలుగుతుంది.

దీనికి ఇంట్లోనే మార్గాలున్నాయి. డ్రమ్ములో రజాయి పెట్టాక పైన అరచెయ్యి సులువుగా దూరేంత ఖాళీ ఉండాలి, లేకపోతే ఆ మెషిన్ దానికి చాలదు. పై మూత మెషిన్‌లో బొంతను ఉండ చుట్టి కుక్కకుండా మధ్యలోని చక్రం చుట్టూ వలయంలా పరచాలి. ఒక్క రగ్గే వేయాల్సి వస్తే దానితో రెండు తువాళ్ళు వేస్తే బరువు రెండు వైపులా పంచుకుంటుంది. సబ్బు పొడి తక్కువ వేయాలి, జాడింపు ఒకటి ఎక్కువ పెట్టాలి. దుమ్ము పురుగుల బెడద, ఉబ్బసం ఉన్న ఇంట్లో నూలు దుప్పట్లు 60 డిగ్రీల వేడినీళ్ళలో ఉతకడం మేలు, ఆ వేడికి పురుగులు చస్తాయి. ఉన్ని కంబళికి ఇది పనికిరాదు. ఉన్ని పోగు మీద పొలుసులుంటాయి, వేడీ కుదుపూ కలిస్తే అవి ఒకదానికొకటి చిక్కుకుని కంబళి కుంచించుకుపోతుంది.

పరుపును ఏ యంత్రమూ ఉతకదు. దానికి మన పెద్దలు నీళ్ళు లేని దారి కనిపెట్టారు. ఎండబెట్టడం, తిరగేయడం, కొన్నేళ్ళకోసారి విప్పి దూది ఏకించడం. దూదేకులవారి విల్లు మోగితే గడ్డకట్టిన దూది విడివడి, దుమ్ము రాలి, మధ్యలో గాలి చేరి మళ్ళీ మెత్తబడేది. బూరుగు దూది అయితే నీళ్ళే అక్కర్లేదనిపిస్తుంది. దాని పోగు బోలుగా ఉండి, పైన మైనపు పూత ఉంటుంది కనుక నీటిని దగ్గరికి రానివ్వదు. అందుకే ఒకప్పుడు సముద్రంలో తేలే రక్షణ కోట్లలో దాన్ని నింపేవారు.

ఉతుకు, పిండుడు అయ్యాక మిగిలేది ఆరబెట్టడం. ఆరబెట్టే యంత్రానికీ పాత చరిత్రే ఉంది. 1800 ప్రాంతంలో ఫ్రాన్సుకు చెందిన పొషోన్ చిల్లుల డ్రమ్మును నిప్పు మీద చేత్తో తిప్పాడు. 1892లో జార్జ్ సాంప్సన్ అనే నల్లజాతి అమెరికన్ పొయ్యి వేడిని వాడుకునే డ్రైయర్‌కు పేటెంటు తీసుకున్నాడు. నార్త్ డకోటాకు చెందిన రాస్ మూర్ మంచులో బట్టలు ఆరేసి విసిగి షెడ్డులో డ్రమ్ము పెట్టి ప్రయోగాలు చేశాడు, ఆ నమూనా 1938లో హామిల్టన్ కంపెనీ చేతుల మీదుగా మార్కెట్లోకి వచ్చింది.

వేడితో నీళ్ళు తీయడం మాత్రం ఖరీదైన పని. మామూలు ఉష్ణోగ్రత దగ్గర ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి కనీసం 0.68 యూనిట్ల శక్తి కావాలి. మూడు లీటర్లున్న బొంతకు రెండు యూనిట్లు దాటుతుంది. అదే నీటిలో సగాన్ని స్పిన్‌తో విసిరేస్తే కరెంటు ఖర్చు అందులో చిన్న వంతు. అందుకే ఎంత మంచి డ్రైయర్ కొన్నా మొదట గట్టి స్పిన్ ఉండాలి. ఈ మధ్య వచ్చిన హీట్ పంపు డ్రైయర్లు ఆవిరిలోంచి వేడిని తిరిగి పట్టుకుని పాతవాటికన్నా దాదాపు సగం కరెంటుతో పని ముగిస్తున్నాయి.

ఎండ ఉండగా ఇదంతా ఎందుకని అడగొచ్చు. సముద్రపు గాలిలోని తేమే దానికి జవాబు. 30 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి సుమారు 30 గ్రాముల ఆవిరిని మోయగలదు. విశాఖ గాలిలో తేమ 75 శాతం ఉన్న రోజున అందులో 22 గ్రాములకు పైగా అప్పటికే నిండి ఉంటుంది, బొంతకు మిగిలేది ఏడెనిమిది గ్రాములే. పదడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న గదిలో గాలంతా కలిపి పావు లీటరు నీటిని కూడా తీసుకోలేదు. వానల్లో తలుపులు మూసిన గదిలో బొంత మూడు రోజులైనా ఆరకపోవడం, ముక్కవాసన రావడం ఇందుకే. ఆ వాసనకు ప్రధాన కారణం మొరాక్సెల్లా అనే బ్యాక్టీరియా అని 2012లో జపాన్ పరిశోధకులు తేల్చారు. త్వరగా ఆరడమే దానికి విరుగుడు. కిటికీలు తెరిచి ఫ్యాను వేయాలి. డాబా మీదైతే పిట్టగోడకు అతికించినట్టు పరచకుండా రెండు తాళ్ళ మీద గుడారంలా వేయాలి, అప్పుడే లోపలి వైపు కూడా గాలి ఆడుతుంది.

ఇంత చేశాక నాకు ఒక్కటే న్యాయంగా తోస్తుంది. ఎప్పుడో ఒకసారి ఉతికే బొంత కోసం ప్రతి ఇంటా పెద్ద మెషిన్ కొనడం వృథా. 1934లోనే టెక్సస్‌లోని ఫోర్ట్‌వర్త్‌లో నలుగురూ అద్దెకు వాడుకునే మెషిన్ల దుకాణం తెరిచారు. మన రైల్వే కూడా ఏసీ బోగీల పక్కబట్టల కోసం యాంత్రిక లాండ్రీలు నడుపుతోంది. అపార్ట్‌మెంటులో బోరు మోటారు, లిఫ్టు ఉమ్మడిగా పెట్టుకున్నవాళ్ళం, ఇరవై కిలోల డ్రమ్మూ, హీట్ పంపు డ్రైయరూ ఉమ్మడిగా పెట్టుకోవచ్చు. కూర్మన్నపాలెం లాంటి చోట వీధికొకటి ఉన్నా నడుస్తుంది. దాన్ని నడిపే హక్కు మొదట రజక కుటుంబాలకే ఇవ్వాలి. ఏ బట్టకు ఎంత వేడి, ఎంత క్షారం, ఎంత దెబ్బ అన్నది వాళ్ళకు తెలిసినంతగా ఏ బటనుకూ తెలియదు. ఆ విద్యకు ఇంతకాలం రెక్కల కష్టం తోడైంది, ఇకనైనా యంత్రం తోడు కావాలి.