చేతికి సరిపడే అల్లిక, చేతికి అందే ఆదాయం



2024 వరకు పోర్ట్ బ్లెయిర్‌గా పిలువబడిన శ్రీ విజయపురంలో డెలానీపూర్ ఒక పేట. ఆ ద్వీపంలో చలికాలమన్నది పేరుకు మాత్రమే. అట్టిచోట చేతి తొడుగుల అల్లిక ఎందుకని మీరు ప్రశ్నించవచ్చు. ఎండలో స్కూటరు నడిపేవారికి వేళ్ళు తెరచియుండే నూలు తొడుగులు పనికివస్తాయి. చలి ప్రాంతాలకు తిరిగి వెళ్ళే యాత్రికులకు ఊలు తొడుగులు కావలెను. అదే రంగులో తలపట్టీ, చిన్న సంచి జతచేస్తే సరుకు మరింత ఆకర్షణీయమవుతుంది.

అయితే చేతికి సరిపడని తొడుగును ఎవరూ రెండవసారి కొనరు. కనుక కొలతతో ప్రారంభించండి. బొటనవేలు మినహా అరచేతి చుట్టుకొలత తీసుకొనండి. వాడదలచిన దారంతో, అవే సూదులతో చిన్న నమూనా అల్లి, ఉతికి, ఆరబెట్టి, 10 సెం.మీ. వెడల్పులో కుట్లు లెక్కించండి. 20 కుట్లు వచ్చినవనుకొందాము. అరచేయి 20 సెం.మీ. అయితే 40 కుట్లు. తొడుగు చేతిని అంటిపెట్టుకొని ఉండుటకు పదోవంతు తగ్గిస్తే 36. అంచుల కుట్టుకు 2 చేర్చి, 38 కుట్లతో మొదలిడండి. రెండు సీధా, రెండు ఉల్టా వరుసలో అల్లితే సాగే గుణం వస్తుంది. అంచులు కలిపి కుట్టునపుడు బొటనవేలికి సుమారు 5 సెం.మీ. ఖాళీ విడువండి.

ఒక జతను, దానితోపాటు అమ్మే వస్తువులను కలిపి తూచండి. మొత్తం 100 గ్రాములైతే 20 జతలకు 2 కిలోలు. తరుగుకు మరి 200 గ్రాములు. ద్వీపాలకు సరుకు ఓడలోనో విమానంలోనో రావలెను. నడుమ దారం అయిపోతే అదే రంగు తిరిగి దొరకకపోవచ్చు. కనుక చీటీపై ఒకే లాటు సంఖ్య గల దారం అంతా ఒకేసారి కొనండి. వర్తకులు ఆ సంఖ్యను బిల్లుపై వ్రాసి ఇచ్చుట ఇరువురికీ మేలు.

ఇందుకు పెట్టుబడి కావలెను. ఇచట పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం అనుభవం గమనింపదగినది. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన లేసు అల్లికకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. కాని దారం వ్యాపారిది కాగా, అల్లిన స్త్రీలకు స్వల్ప కూలి మాత్రమే దక్కినదని జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982 నాటి తన గ్రంథంలో వివరించారు. దారం ఎవరిదో, ధర చెప్పే హక్కు వారిదే.

1992లో నాబార్డు ప్రారంభించిన స్వయం సహాయక బృందాల అనుసంధానం ద్వారా గాని, 50,000 రూపాయల వరకు హామీ లేకుండా లభించే ముద్ర శిశు ఋణం ద్వారా గాని దారాన్ని మీ సొంతం చేసుకొనవచ్చును. అయితే ముందుగా ఒక జత అల్లి, నలుగురికి తొడిగి చూపి, గిరాకీ తెలుసుకొనండి. ఆ గిరాకీకి సరిపడినంతే ఋణం కోరండి. తొడుగువలెనే అప్పు కూడా కొలతకు సరిపోవలెను కదా!