ఓడపై దిగిన విమానము

నేలపై దిగు విమానమునకు వేల అడుగుల బాట యుండును. అది కదలదు. విమానవాహక నౌకపై దిగు వైమానికుని కట్టి సదుపాయము లేదు. అతని బాట ముందునకు సాగిపోవుచు, అలలతో లేచి పడుచుండును. అట్టి బాటపై దిగి, తరువాత భారత నౌకాదళమునకే అధిపతియైన అడ్మిరల్ రాధాకృష్ణ హరిరామ్ తహిలియానీ జీవితమును మనము కొంత పరిశీలింతము.

ఆయన 1930లో జన్మించెను. రెండవ ప్రపంచయుద్ధము ముగిసినపుడు బ్రిటనులో నిర్మాణము నిలిచిపోయిన యొక నౌకను మన ప్రభుత్వము 1957లో కొనెను. బెల్‌ఫాస్ట్ నగరమున పూర్తియైన ఆ నౌకను 1961 మార్చి 4న శ్రీమతి విజయలక్ష్మీ పండిట్ 'విక్రాంత్' అను పేర నౌకాదళమున ప్రవేశపెట్టిరి. మన దళమునకు మొదటి భారతీయ అధిపతియైన రామదాస్ కటారి అప్పటి నాయకుడు. కాని విమానము దిగనిదే అది విమానవాహక నౌక యెట్లగును? ఆ యేడు మే 18న లెఫ్టినెంట్ తహిలియానీ తన సీహాక్ విమానమును దానిపై దించెను. విక్రాంత్‌పై దిగిన మొదటి జెట్ విమాన మదియే.

ఇది యెట్లు సాధ్యమగును? విక్రాంత్ పొడవు సుమారు 700 అడుగులు. అందు దిగుటకు దొరకునది కొంతభాగమే. ఆ చోట అడ్డముగా ఉక్కుతాళ్లు కట్టియుందురు. విమానపు తోకక్రింది కొక్కెము ఒక తాటిని పట్టుకొన్నచో విమానము క్షణములలో నిలిచిపోవును. పట్టుకొననిచో? అందులకే చక్రములు ఓడను తాకగానే వైమానికుడు యంత్రవేగమును తగ్గింపక పెంచును. దిగుబాటను ఓడ నడిమిరేఖనుండి కొంత ప్రక్కకు మలచి కట్టుటచే, తాడు తప్పిన విమానము ముందున్న విమానములను ఢీకొనక మరల గాలిలోనికి లేచును. అనగా ఆగుటకు వచ్చుచునే యెగురుటకు సిద్ధపడవలెను.

ఈ విద్య ప్రయోజనము 1971లో తెలిసినది. డిసెంబరు 4న విక్రాంత్ నుండి లేచిన సీహాక్‌లు బంగాళాఖాతమున కాక్స్ బజారు, చిట్టగాంగులపై దాడిచేసినవి. ఆ నౌకను వెదకుచు వచ్చిన పాకిస్థాను జలాంతర్గామి ఘాజీ మన విశాఖపట్టణము చేరువనే మునిగిపోయినది. విక్రాంత్ అప్పటికి అండమాను ప్రాంతమున సురక్షితముగా నుండెను.

కాలక్రమమున తహిలియానీ ఆ విక్రాంత్‌కే కమాండరుగా పనిచేసెను. 1984లో ఆయన నౌకాదళాధిపతి యయ్యెను. ఆ పదవి నందిన మొదటి నౌకావైమానికు డాయనయే. ఆయన కాలముననే, 1986లో, రెండవ విమానవాహక నౌకకై బ్రిటనుతో ఒప్పందము కుదిరినది. 1987 మేలో అది 'విరాట్' అను పేర సేవలో చేరినది. ఆ యేటి చివర ఆయన పదవీ విరమణ చేసి, 1990 నుండి 1994 వరకు సిక్కిం గవర్నరుగా నుండెను. 2015లో కీర్తిశేషుడయ్యెను.

నౌకను ధనముతో కొనవచ్చును. దానిపై దిగగలవారిని కొనలేము, మనమే తయారుచేసికొనవలెను. తహిలియానీ జీవితము మనకు జ్ఞప్తిచేయునది యిదియే.