జెంటూలో సెట్టింగ్ మారట్లేదా? ముందు దాని తాతను పట్టుకోండి

మేక్ డాట్ కాన్ఫ్‌లో ఒక యూజ్ ఫ్లాగ్ ఆన్ చేశారు. ఎమర్జ్ రన్ చేస్తే అదే ఫ్లాగ్ మైనస్ గుర్తుతో, బ్రాకెట్లలో కనిపిస్తోంది. ఎన్నిసార్లు మార్చినా అంతే. అంటే పైనున్న ఏదో ప్రొఫైల్‌లో దానికి తాళం పడిందన్నమాట.

వారసత్వం ఎలా వస్తుంది?

జెంటూ లినక్స్‌లో ప్రొఫైల్ అంటే ఒక ఫోల్డర్. అందులో 'పేరెంట్' అనే చిన్న ఫైల్ ఉంటుంది. ఒక్కో లైన్‌లో ఒక్కో పెద్ద ప్రొఫైల్ దారి రాసి ఉంటుంది. గ్నోమ్ ప్రొఫైల్ డెస్క్‌టాప్ నుంచి తీసుకుంటుంది, డెస్క్‌టాప్ దాని పైనున్న 23.0 నుంచి తీసుకుంటుంది.

మన స్కూల్ సెలవుల్లాగే అనుకోండి. రాష్ట్రం ఇచ్చిన లిస్ట్ అందరికీ వర్తిస్తుంది. వానలు గట్టిగా పడితే పల్నాడు కలెక్టర్ జిల్లాకి ఇంకో సెలవు కలుపుతారు. మాచర్ల పిల్లలకి రెండూ దక్కుతాయి. పోర్టేజ్ కూడా ముందు పెద్దల ఫైళ్లు, తర్వాత పిల్లల ఫైళ్లు చదువుతుంది. మామూలు వేరియబుల్‌కైతే చివరి విలువే నిలుస్తుంది. యూజ్ లాంటివి మాత్రం కలుపుకుంటూ పోతాయి. వద్దనుకున్నదాని ముందు మైనస్ పెట్టాలి.

తాళం ఎక్కడుంది?

యూజ్ డాట్ మాస్క్, యూజ్ డాట్ ఫోర్స్ ఫైళ్లలో ఉన్నదాన్ని మేక్ డాట్ కాన్ఫ్ మార్చలేదు. జెంటూ రెపోలోని ప్రొఫైల్స్ ఫోల్డర్‌లో ఆ ఫ్లాగ్ పేరుతో గ్రెప్ కొట్టండి. దొరికిన లైన్ పైన చాలాసార్లు కారణం కామెంట్‌గా రాసి ఉంటుంది. అది చదవకుండా తాళం తీయొద్దు.

తీయాల్సిందే అనుకుంటే రెపోలో చేయి పెట్టకండి, తర్వాతి సింక్‌లో మీ మార్పు ఎగిరిపోతుంది. ఈటీసీ, పోర్టేజ్, ప్రొఫైల్ అనే మీ సొంత ఫోల్డర్‌లో అదే పేరుతో ఫైల్ పెట్టి, ఫ్లాగ్ ముందు మైనస్ రాయండి. వారసత్వంలో ఆఖరి మాట ఈ ఫోల్డర్‌దే.

ముందే ఎంచుకోవడం ఎందుకు?

2024 మార్చిలో 23.0 ప్రొఫైల్స్ వచ్చినప్పుడు, పాతవాటి నుంచి మారేవాళ్లకి చివరి స్టెప్ మొత్తం ప్యాకేజీల రీబిల్డ్. నరసరావుపేట హాస్టల్ గదిలో పాత డ్యూయల్ కోర్ ల్యాప్‌టాప్ మీద అది గంటల్లో తేలే పని కాదు. అందుకే ఇన్‌స్టాల్ చేసే రోజే 'ఈసెలెక్ట్ ప్రొఫైల్ లిస్ట్' చూసి, మీ వాడకానికి సరిపోయేది సెట్ చేసుకోండి.

ఇదంతా జెంటూ వాళ్లకే అనుకోకండి. క్రోమ్‌బుక్‌లోని క్రోమ్ ఓఎస్‌ని బిల్డ్ చేసేది కూడా పోర్టేజ్‌తోనే. ఒక్కో బోర్డ్ ప్రొఫైల్ ఇలాగే పైవాటి నుంచి సెట్టింగ్స్ తీసుకుంటుంది. పేరెంట్ ఫైల్ చదవడం ఒక్కసారి వచ్చిందంటే అక్కడా దారి తప్పరు.