ఆగిపోయిన పంటి వేరు మళ్లీ ఎదుగుతుందా?

పిల్లలకు ఏడెనిమిదేళ్ల వయసులో పై దవడ ముందు పళ్లు వస్తాయి. పైకి పూర్తిగా వచ్చినట్లు కనిపించినా, వాటి వేరు ఎదగడానికి మరో రెండు మూడేళ్లు పడుతుంది. ఈలోగా ఆటల్లో కిందపడి పంటికి దెబ్బ తగిలితే లోపలి దంతమజ్జ చనిపోవచ్చు. అప్పుడు వేరు ఎదుగుదల ఆగిపోతుంది. దాని గోడలు పలచగా, కొన తెరుచుకునే ఉండిపోతాయి.

అలాంటి పంటికి మామూలు రూట్ కెనాల్ కష్టం. నింపిన పదార్థం తెరిచి ఉన్న కొన గుండా బయటికి పోతుంది. కాల్షియం హైడ్రాక్సైడ్‌ను నెలల తరబడి ఉంచి కొనను మూయించవచ్చు. కానీ గోడలు బలపడవు, పన్ను విరిగే ముప్పు తప్పదు.

ఇక్కడే పునరుత్పాదక చికిత్స అక్కరకొస్తుంది. 2004లో బాంక్స్, ట్రోప్ దీని విధానాన్ని వివరించారు. ముందుగా వేరు లోపలి భాగాన్ని సోడియం హైపోక్లోరైట్‌తో కడిగి, మందు పెట్టి మూసేస్తారు. కొన్ని వారాల తర్వాత ఇన్ఫెక్షన్ తగ్గితే, సన్నని సాధనంతో వేరు కొన అవతలి కణజాలాన్ని కదిపి కావాలనే రక్తం రప్పిస్తారు. ఆ రక్తంతో పాటు కొన దగ్గరి మూలకణాలూ లోపలికి చేరతాయి. గడ్డకట్టిన రక్తమే వాటికి పందిరి. దానిపై ఎంటీఏ సిమెంటుతో మూసేస్తారు.

అయితే లోపల ఏర్పడేది చాలాసార్లు అసలు దంతమజ్జ కాదు. ఎముకను, సిమెంటమ్‌ను పోలిన కణజాలం. వేరు గోడలు అందరిలో ఒకేలా మందం కావు. అందుకే ఏళ్ల తరబడి ఎక్స్‌రేలతో గమనించాలి. దెబ్బ తగిలిన పన్ను రంగు మారినా, చిగురు వాచినా ఆలస్యం చేయకుండా దంతవైద్యులకు చూపించాలి.