ఇనుప తలుపుకు నంబరు తాళం, మట్టి గోడకు కన్నం

కన్నపు దొంగల సంగతి పల్లెల్లో పెద్దవాళ్ళకు కొత్తగా చెప్పనక్కరలేదు. వీధి తలుపుకు ఎంత పెద్ద తాళంకప్ప వేసినా దొంగ దాని జోలికి పోడు. పెరటి వైపు చీకట్లో కూర్చుని గోడ తొలుస్తాడు. తెల్లవారి లేచి చూస్తే తాళం వేసింది వేసినట్టే ఉంటుంది, లోపల పెట్టె మాత్రం ఉండదు. ఈ పాత తగాదాయే ఇప్పుడు పిల్లలు సెల్‌ఫోన్లలో, కంప్యూటర్లలో ఆడే ఆటల్లోనూ సాగుతోందంటే ఆశ్చర్యం కలగక మానదు.

ఆ ఆటల్లో పేరుపడ్డది మైన్‌క్రాఫ్ట్. స్వీడన్‌కు చెందిన మార్కస్ పెర్సన్ 2009 మే నెలలో దీన్ని మొదటిసారి బయటపెట్టాడు. 2011 నవంబరులో పూర్తి రూపంలో విడుదలైంది. 2014లో మైక్రోసాఫ్ట్ సంస్థ ఈ ఆటను తయారుచేసిన కంపెనీని 250 కోట్ల డాలర్లకు కొనుక్కున్నది. 2023 నాటికి 30 కోట్లకు పైగా ప్రతులు అమ్ముడయ్యాయి. మట్టి, రాయి, కలప అన్నీ ఇటుకల్లాంటి గడులుగా ఉండే లోకమది. తవ్వుకోవాలి, నరుక్కోవాలి, ఇల్లు కట్టుకోవాలి. ఒకే లోకంలో పదుల మంది, ఒక్కోసారి వందల మంది కలిసి ఆడతారు. ఒకరు నిద్రపోయే వేళకు ఇంకొకరు మేలుకొని ఉంటారు. చిక్కంతా అక్కడే. నెలల తరబడి తవ్వి కూడబెట్టిన వజ్రాలు, ఇనుము పెట్టెల్లో దాచుకుంటే, యజమాని లేని వేళ వచ్చి ఎత్తుకుపోయేవారున్నారు. ఎత్తుకుపోయి ఊరుకోక ఇల్లు కూడా పడగొట్టిపోతారు. వీరికి ఆటగాళ్ళలో గ్రీఫర్లని పేరు. ఆటే కదా అని పెద్దలు తీసిపారేస్తారు గాని, రెండు నెలల కష్టం ఒక్క రాత్రిలో పోతే అన్నం సహించని పిల్లల బాధ తక్కువదేమీ కాదు.

ముగ్గులా పరిచే తీగ

ఆటలో చెక్క తలుపు ఎవరు తట్టినా తెరుచుకుంటుంది. ఇనుప తలుపు అలా కాదు. దానికి సంకేతం అందాలి. ఆ సంకేతాన్ని మోసుకుపోయేది రెడ్‌స్టోన్ అనే ఎర్రటి పొడి. గనుల అడుగున దొరుకుతుంది. 2010లో దీన్ని ఆటలో చేర్చారు. ముగ్గుపిండి వేసినట్టు నేలమీద గీత గీస్తే అదే కరెంటు తీగ. 15 గడులు పోయేసరికి బలం చచ్చిపోతుంది. ఆపైకి పోవాలంటే మధ్యలో రిపీటర్ అనే పరికరం పెట్టాలి. ఇదే పొడితో చేసే దివిటీ ఒకటుంది. దానికి తిరకాసు గుణం. అది అంటుకున్న ఇటుకకు సంకేతం వస్తే ఆరిపోతుంది, రాకపోతే వెలుగుతుంది. నంబరు తాళానికి మూలం ఈ దివిటీయే.

తాళం కట్టే తీరు ఇది. గోడకు వరసగా ఎనిమిది మీటలు బిగిస్తారు. వాటిలో ఏవి పైకి ఉండాలో, ఏవి కిందికి ఉండాలో యజమాని ముందే నిర్ణయించుకుంటాడు. పైకి ఉండవలసిన మీట వెనుక ఒక దివిటీ పెడతాడు. మీట ఎత్తితే దివిటీ ఆరుతుంది. కిందికి ఉండవలసిన దాని నుంచి తీగ నేరుగా లాగుతాడు. ఈ ఎనిమిదింటినీ వెనుక ఒకే తీగలో కలుపుతాడు. ఒక్క మీట తప్పుగా ఉన్నా ఆ తీగలో సంకేతం పారుతుంది. అన్నీ సరిగా ఉంటేనే తీగ పూర్తిగా చచ్చిపోతుంది. అప్పుడు దాని చివరనున్న ఆఖరి దివిటీ వెలిగి, ఇనుప తలుపు తెరుచుకుంటుంది.

ఎనిమిది మీటలకు 256 రకాల అమరికలు వస్తాయి. ఒక్కో ప్రయత్నానికి 3 సెకన్లు వేసుకున్నా, ఓపికున్న దొంగ 13 నిమిషాల్లో అన్నీ తిప్పి చూస్తాడు. మీటలు పదికి పెంచితే అమరికలు 1024 అవుతాయి, అతనికి పట్టేది 51 నిమిషాలు. అందుకని ఆరితేరినవారు మీటలు మానేసి, పటం తగిలించినట్టు గోడకు చట్రాలు తగిలిస్తారు. చట్రంలోని వస్తువును ఎనిమిది దిక్కులకు తిప్పవచ్చు. అది ఏ దిక్కున ఉందో వెనుకనున్న కంపారేటర్ అనే పరికరం చదువుతుంది. అలాంటివి ఐదు పెడితే అమరికలు 32,768. ఇదే లెక్కన దొంగకు 27 గంటలు పడుతుంది. సూటుకేసుకు ఉండే మూడు చక్రాల తాళానికి వెయ్యి నంబర్లే కనుక, దీని ముందు అది పిల్లకాయ.

పదివేలు కాస్తా నలభై

అంకెలు పెద్దవైనంత మాత్రాన తాళం గట్టిదనుకోరాదు. తాళం తనంతట తానే దొంగకు గుట్టు చెప్పేస్తే ఆ 27 గంటలు నీటిమీద రాతే. మీటల తాళాల్లో జరిగే పొరపాటు చూడండి. యజమాని సరైన అమరిక పెట్టి లోపలికి పోతాడు, మీటలు అలాగే వదిలేస్తాడు. వెనుక వచ్చినవాడు చూసుకోవడమే తరువాయి. బయటికి వచ్చేటప్పుడు మీటలన్నీ చెదరగొట్టే అలవాటు ఎందరికో ఉండదు. తెలిసినవారు మీటలకు బదులు, నొక్కి వదలగానే వెనక్కి వచ్చే బొత్తాలు వాడతారు.

బొత్తాల తాళంలో ఇంకో చిక్కుంది. పది బొత్తాల్లో నాలుగింటిని వరసగా నొక్కాలనుకుందాం. మొత్తం పదివేల వరసలు. కాని తప్పు బొత్తాం నొక్కిన క్షణమే లోపల యంత్రం టక్కుమని మొదటికి వచ్చే విధంగా కడితే, చెవిపెట్టిన దొంగకు పదివేలతో పనిలేదు. మొదటి అంకెకు పది ప్రయత్నాలు చాలు. టక్కుమనలేదంటే అది సరైనదన్నమాట. రెండోదానికి మరో పది, మూడోదానికి పది, నాలుగోదానికి పది. వెరసి 40! నాలుగు అంకెలూ నొక్కేదాకా యంత్రం తప్పొప్పులు బయటపెట్టకుండా ఉంటేనే పదివేలు పదివేలుగా నిలుస్తుంది. ఆటలో చాలా తాళాలు ఈ ఒక్క చోటే ఓడిపోతుంటాయి. కట్టినవాడికి అంకెల మీద ఉన్న శ్రద్ధ చప్పుడు మీద ఉండదు.

గుట్టు చెప్పే గుణం తాళానికే పరిమితం కాదు. 2010 చివర నుంచి నడుస్తున్న 2బి2టి అనే సర్వర్‌లో నియమాలంటూ లేవు. అక్కడ ఏ తాళమూ నిలవదు కనుక ఆటగాళ్ళు లక్షల గడుల దూరం పోయి ఇళ్ళు దాచుకుంటారు. ఫలానా చోట ఇటుక కొడుతున్నానని ఎవరైనా అబద్ధపు కబురు పంపితే, ఆ చుట్టుపక్కల మనిషి ఉన్నప్పుడు సర్వర్ జవాబిచ్చేది, లేనప్పుడు మౌనంగా ఉండేది. ఈ తేడాను కొందరు కనిపెట్టారు. 2018 నుంచి 2021 దాకా ఎవరి ఇల్లు ఎక్కడుందో కూర్చున్న చోటు నుంచే ఆరా తీశారు. 2021లో ఆ లోపాన్ని సరిచేశారు.

దొంగ జేబులో మీట

ఇక గోడ సంగతి. ఆటలో మట్టి గోడ తవ్వడానికి ఒక సెకను చాలు. టిఎన్‌టి పేలుడుకు కూడా చలించని అబ్సిడియన్ అనే నల్లరాతితో గోడ కట్టినా, వజ్రపు పలుగుతో ఒక్కో ఇటుక 9 సెకన్ల పైచిలుకులో పగులుతుంది. మూడు వరసల మందాన కట్టితే అర నిమిషం లోపు. ముందు తలుపు 27 గంటలు ఆపుతుంది, పక్క గోడ అర నిమిషం ఆపుతుంది. దొంగ దేన్ని ఎంచుకుంటాడో అడగాలా?

అంతకంటె విడ్డూరం మరొకటుంది. ఇనుప తలుపు ఏ మీటకైనా లొంగుతుంది, యజమాని మీటకే లొంగాలన్న నియమమేమీ లేదు. దొంగ తన జేబులోని మీట తీసి తలుపు పక్క గోడకు బిగించి లాగితే చాలు, తలుపు తెరుచుకుంటుంది. వెనుకనున్న ఐదు చట్రాలు, కంపారేటర్లు, గజాల కొద్దీ ఎర్రపొడి అన్నీ గోడలో అలంకారంగా మిగిలిపోతాయి. అందువల్ల అనుభవజ్ఞులు ఇనుప తలుపు మానేసి, గోడలో గోడగా కలిసిపోయే ఇటుకలను పిస్టన్లతో పక్కకు జరిపే రహస్య ద్వారాలు కడతారు. ద్వారం ఎక్కడో తెలియకపోతే మీట ఎక్కడ బిగించాలో కూడా తెలియదు కదా.

నంబరు తాళం నిజంగా తాళంగా పనిచేసేది ఎక్కడంటే, సర్వర్ నిర్వాహకుడు గోడలు పగలకుండా, కొత్త మీటలు బిగించకుండా కట్టుదిట్టం చేసి, ఉన్న బొత్తాలను మాత్రం అందరికీ వదిలిన చోట. అక్కడ అంకెల లెక్కకు విలువుంది. మిగతా చోట్ల అది కాలయాపన యంత్రమే.

ఇంగ్లండులోని ఫేస్‌పంచ్ స్టూడియోస్ తయారుచేసిన రస్ట్ అనే ఆటలో తాళం కట్టే శ్రమ లేదు. 2013లో తొలిరూపంలో వచ్చి 2018లో పూర్తిగా విడుదలైన ఈ ఆటలో నాలుగంకెల తాళం తయారుగానే దొరుకుతుంది. తప్పు నంబరు కొడితే షాకు కొడుతుంది. అయినా దొంగలు ముందుగా కొట్టి చూసేది 1234. దీనికి కారణముంది. 2012లో డేటాజెనెటిక్స్ అనే సంస్థ 34 లక్షల నాలుగంకెల రహస్య సంకేతాలను పరిశీలిస్తే, నూటికి దాదాపు 11 మంది పెట్టుకున్నది 1234నే అని తేలింది. ఆ తరువాతి స్థానం 1111ది. పదివేల నంబర్లున్నా జనం పట్టుకు వేళ్ళాడేది కొద్దింటినే. ఏటీఎం కార్డుకు, సెల్‌ఫోనులో డబ్బు పంపే యాప్‌కు పుట్టిన సంవత్సరమే నంబరుగా పెట్టుకున్న పెద్దలు, పిల్లల ఆటలో తాళాలెలా పోతున్నాయో ఒకసారి కూర్చుని చూడడం మంచిదే.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్న సామెత ఇక్కడా వర్తిస్తుంది. నలుగురు కలిసి కట్టుకున్న ఇంటికి నంబరు నలుగురికీ తెలుస్తుంది. వారిలో ఒకడు అలిగి విడిపోతే ఆ రోజే నంబరు మార్చాలి. మైన్‌క్రాఫ్ట్‌లో నంబరు మార్చడమంటే కాగితం మీద అంకె దిద్దడం కాదు, గోడ విప్పి దివిటీల చోట్లు మార్చి తీగలు మళ్ళీ పరచాలి. ఆ బద్ధకానికే చాలా ఇళ్ళు గుల్లయ్యాయి. మరికొందరు స్నేహితుడికి నంబరు చెప్పాలన్న తొందరలో అందరికీ కనిపించే మాటల పెట్టెలో కొట్టేస్తారు. ఒక్కరికే చెవిలో చెప్పే పద్ధతి ఆటలో వేరే ఉంది.

నంబరు మరిచిపోయే యజమానులూ లేకపోలేదు. వారికి తాళం విప్పేవాడు దొరకడు, బజారులో మారుతాళమూ అమ్మరు. పలుగు పుచ్చుకుని సొంత గోడకే కన్నం వేసుకుంటారు.