స్లీప్ స్కోర్ 85... మరి రాత్రంతా నిద్రే పట్టలేదే?

ఓర్వకల్లు నుంచి ఇంకో ఎపిసోడ్‌తో వచ్చేశాం. ఈరోజు టాపిక్ నిద్ర. "రాత్రి బాగా పడుకున్నావా?" అని అడిగితే ఇప్పుడు చాలామంది ఫోన్ తీసి స్కోర్ చూపిస్తున్నారు. ఆ స్కోర్ ఎలా వస్తుంది, మన మనసు బాగుండటానికి దాన్ని ఎలా వాడుకోవాలి, చూద్దాం.

ఫోన్ అడ్డంగా తిప్పితే స్క్రీన్ కూడా తిరుగుతుంది కదా? అందుకు వాడే సెన్సర్ పేరు యాక్సెలరోమీటర్. ఫోన్ పరుపు మీద పెడితే మీ కదలికల్ని అదే పట్టుకుంటుంది. కొన్ని యాప్‌లు మైక్‌తో గురక వింటాయి. కొన్ని స్క్రీన్ ఎప్పుడు ఆగింది, ఎప్పుడు వెలిగింది అని చూస్తాయి. వాచ్ ఉంటే గుండె వేగం కూడా తెలుస్తుంది. కానీ వీటిలో ఏదీ మెదడుని చూడదు. నిద్ర దశలు సరిగ్గా తెలియాలంటే తలకి వైర్లు అతికించి చేసే పాలీసామ్నోగ్రఫీ పరీక్ష కావాలి. అందుకే "డీప్ స్లీప్ 48 నిమిషాలు" అని ఫోన్ చెప్తే అది అంచనా మాత్రమే.

మన దగ్గర సంగతే తీసుకోండి. ఎండాకాలం 40 డిగ్రీలు దాటితే మిద్దె మీద పడుకుంటాం. ఒకే మంచం మీద పక్కన తమ్ముడు దొర్లితే ఆ కదలిక కూడా మీ లెక్కలోకే వస్తుంది. ఇంకో సంగతి దీనికన్నా ముఖ్యం. పరీక్షల భయంతోనో, ఇంట్లో అప్పుల దిగులుతోనో మీరు కదలకుండా చుక్కలు చూస్తూ పడుకున్నారనుకోండి. నిద్రపోయారనే ఫోన్ రాసేసుకోవచ్చు. అంటే సాయం అవసరమైన మనిషికే మంచి స్కోర్ రావచ్చు!

ఇంకొందరిది దీనికి రివర్స్. స్కోర్ తగ్గిందని కంగారు, ఆ కంగారుతో నిద్ర పట్టదు. 2017లో అమెరికా పరిశోధకులు దీనికి ఆర్థోసోమ్నియా అని పేరు పెట్టారు.

మరి ఏం చేయాలి? స్కోర్ వదిలేసి మూడు సంగతులు చూడండి: ఎన్నింటికి పడుకున్నారు, ఎన్నింటికి లేచారు, పగలు మనసు ఎలా ఉంది. మూడోది ఫోన్ చెప్పదు, మీరే ఒక్క లైన్ రాసుకోవాలి. రెండు వారాలు రాయండి. 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకు 8 నుంచి 10 గంటలు, ఆపైన కనీసం 7 గంటల నిద్ర కావాలి.

నిద్రకీ మనసుకీ లంకె రెండు వైపులా ఉంటుంది. నిద్ర చెడితే చిరాకు, ఆందోళన పెరుగుతాయి. డిప్రెషన్, ఆందోళన ఉంటే నిద్ర చెడుతుంది. కాబట్టి నిద్ర మారిపోయి, దాంతోపాటు దేనిమీదా ఆసక్తి లేకుండా రెండు వారాలు గడిస్తే డాక్టర్‌ని కలవాలి. అసలు నిద్రే లేకున్నా అలసట లేకుండా విపరీతమైన హుషారుగా ఉన్నా, అదీ చెప్పాల్సిన విషయమే. కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. మీరు రాసుకున్న కాగితం అక్కడ బాగా పనికొస్తుంది.

కర్నూలు దాకా పోలేకపోతే 14416కి కాల్ చేయండి. ఇది టెలీ మానస్, 2022 అక్టోబర్ 10న కేంద్రం మొదలుపెట్టింది. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. చచ్చిపోవాలనే ఆలోచన వస్తుంటే మాత్రం రెండు వారాలు ఆగొద్దు. ఇప్పుడే కాల్ చేయండి, ఇంట్లో ఒకరికి చెప్పండి. ఫోన్ వాడకమే చేయి దాటిపోతే, దానికోసమే బెంగళూరు నిమ్హాన్స్‌లో 2014 నుంచి షట్ క్లినిక్ నడుస్తోంది.

ఇంకో మాట. యాప్ మైక్ పర్మిషన్ అడిగితే ఎందుకో చదివి ఇవ్వండి. పడుకునే గదిలో మాటలు కూడా అది వింటుంది. అమ్మానాన్నలూ, పిల్లల స్లీప్ రిపోర్ట్ పట్టుకుని తిట్టకండి. "ఏమైంది రా, నిద్ర పట్టట్లేదా?" అని అడగండి. ఆ ప్రశ్న ఏ యాప్‌లోనూ ఉండదు.

సరే ఫ్రెండ్స్, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఫోన్ పక్కన పెట్టి పడుకోండి మరి!