దండెం మీద తేనెపిట్ట కాన్పు

టీవీలో పువ్వు ముందు గాలిలోనే నిలబడి తేనె తాగే హమ్మింగ్ బర్డ్‌ను చూసిన పిల్లలు, హాలియాలో మా పెరటి మందారం మీద వాలే పిట్టనూ ఆ పేరుతోనే పిలుస్తారు. నిజానికి హమ్మింగ్ బర్డ్ అమెరికా ఖండాల్లో తప్ప ఇంకెక్కడా ఉండదు. మన దగ్గరున్నది తేనెపిట్ట. రెండూ చుట్టాలేమీ కావు. తేనె తాగే బతుకు ఒకటే గనుక సన్నటి ముక్కు, పొడవాటి నాలుక రెండింటికీ వచ్చాయి. మనది ఎక్కువగా కొమ్మ పట్టుకుని వంగి తాగుతుంది. మగది నల్లగా కనిపించినా ఎండ తగిలితే నీలం, ఊదా రంగుల్లో మెరుస్తుంది. ఆడదానికి ఆ సోకేమీ లేదు, పసుపు పొట్ట తప్ప.

గూడు కట్టేది మాత్రం ఆడదే. గడ్డిపోచలు, ఎండుటాకులు, బెరడు తునకలు ఏరుకొచ్చి సాలెగూటి దారంతో అతుకుతుంది. కర్రకు చీపురు కట్టి మనం దులిపేసే బూజే దానికి సిమెంటు! పక్కన చిన్న ద్వారం, దానిపైన చూరు, లోపల మెత్తటి దూది. దూరం నుంచి చూస్తే చెత్త వేలాడుతున్నట్టే ఉంటుంది.

నేనూ చెత్తే అనుకున్నాను. రెండేళ్ల కిందట ఉగాది ముందు ఇంటికి రంగులు వేయిస్తూ, దండేనికి వేలాడుతున్నదాన్ని తీయబోతే లోపల రెండు గుడ్లు. పని ఆగుతుందని గూడును జాగ్రత్తగా జామకొమ్మకు కట్టాను. తల్లి రెండు రోజులు పాత చోటే తిరిగింది, జామచెట్టు వైపు పోనేలేదు. గుడ్లు చల్లబడిపోయాయి. మనిషి చేయి తగిలితే వాసనకు వదిలేస్తుందంటారు గానీ, కారణం అది కాదు. చోటు మారితే అది దాని గూడే కాదు.

ఈ ఏడు మళ్లీ అదే దండేనికి కట్టింది. "దాని కాన్పయ్యేదాంక దండెం ముట్టకు బిడ్డా" అంది అత్తమ్మ. బట్టలు డాబా మీదికి మారాయి. రెండు వారాలు తల్లి ఒక్కతే పొదిగింది. అయ్యగారు కరెంటు తీగ మీద పాటలు! పిల్లలు బయటికొచ్చాక మాత్రం ఆయనా మేత తెచ్చాడు. హమ్మింగ్ బర్డ్ తండ్రికి ఆ పాటి బాధ్యత కూడా లేదు, పెంపకమంతా తల్లిదే.

తేనె పెద్దవాళ్లకు. పిల్లలకు మాత్రం చిన్న సాలీళ్లు, పురుగులు కావాలి. అందుకే మందారానికి పిండినల్లి పట్టినా మందు కొట్టలేదు, పైపు నీళ్లతో కడిగాను. చక్కెర నీళ్ల సీసా కట్టమని పక్కింటావిడ సలహా. మునగపూత, దానిమ్మ, అరటిపువ్వు ఉన్న పెరటికి సీసా ఎందుకు?

మరో రెండు వారాలు దాటాక ఒక పొద్దున రెండు పిల్లలూ మందారం మీదికి ఎగిరాయి. ఖాళీ గూడు ఇంకా వేలాడుతూనే ఉంది. అత్తమ్మ దాన్ని తీయనివ్వడం లేదు.